దళారి ద్వారా గుర్రం కొనడం, అమ్మడం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వారీకో, పెళ్లి ఊరేగింపులకో, పెంపకానికో గుర్రం కొనాలనుకునే తెలుగు రాష్ట్రాల వాళ్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. ఉన్న గుర్రాన్ని దళారికి అప్పగించి అమ్మాలనుకునే వాళ్లకు అవసరమైన సంగతులు చివర్లో ఉన్నాయి.

వ్యాపారి వేరు, దళారి వేరా? ఎవరైతే ఏమిటి?

వేరే. వ్యాపారి తన డబ్బుతో గుర్రాన్ని కొని, తన లాయంలో మేపి, లాభానికి అమ్ముకుంటాడు. దళారికి గుర్రం ఉండదు. యజమానినీ మిమ్మల్నీ కలిపి కమీషన్ తీసుకుంటాడు. మొదటి మాటల్లోనే అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ గుర్రం మీదా, ఇంకొకరిదా?" ఇంకొకరిదైతే ఆ యజమానితో ఫోన్లోనైనా మాట్లాడండి. ఆయన పేరు రాతలో ఉండాలి. సొత్తు కాని దాన్ని అమ్మినవాడి నుంచి కొన్నవాడికి హక్కు రాదన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 27వ సెక్షన్ చెప్పే సాధారణ సూత్రం.

మీ తరఫున వెతుకుతానని కమీషన్ మాట్లాడుకున్న మనిషి, మీకు చెప్పకుండా తన గుర్రాన్నే మీకు అంటగట్టడం ఈ వ్యాపారంలో మామూలుగా జరిగేదే. ఏజెంటు అలా సొంత బేరం చేస్తే దాన్ని రద్దు చేసుకోవడానికీ, అతను పొందిన లాభాన్ని అడగడానికీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం (215, 216 సెక్షన్లు) దారి చూపుతుంది. కాబట్టి కమీషన్ ఎవరిస్తారు, ఒక వైపు నుంచా రెండు వైపుల నుంచా అన్నది ముందే తేల్చుకుని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

మన దగ్గరికి గుర్రాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మార్వాడీ గుర్రాలు రాజస్థాన్ నుంచి, కాఠియావాడీలు గుజరాత్ సౌరాష్ట్ర నుంచి, పెళ్లిళ్లకు వాడే తెల్లటి నుక్రాలు ఎక్కువగా పంజాబ్ వైపు నుంచి వస్తాయి. పెద్ద సంతలు పుష్కర్‌లో కార్తీక మాసంలో, మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో దత్త జయంతికి, పంజాబ్ ముక్త్‌సర్‌లో సంక్రాంతి రోజుల్లో వచ్చే మాఘీ పండుగకు జరుగుతాయి. తెలంగాణకు దగ్గరిది నాందేడ్ జిల్లా మాలెగావ్‌లో మార్గశిరంలో జరిగే ఖండోబా జాతర. దక్షిణాన ఈరోడ్ జిల్లా అంతియూరులో ఆడి మాసపు సంత ఉంది. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు నుంచి రిటైరైన థరోబ్రెడ్లు (పందేల కోసం పెంచే జాతి గుర్రాలు) మరో దారి.

మొదటిసారి కొనేవాళ్లు సంతలో కొనకపోవడం మంచిదని మా గట్టి అభిప్రాయం. జనం, ధూళి, గంటల బేరం మధ్య గుర్రాన్ని రెండు రోజులు చూసే వీలుండదు. డాక్టరు దొరకడు. సంత ముగిశాక అమ్మినవాడూ దొరకడు. సంతకు వెళ్లి నాలుగు రకాలు చూసి, ధరలు విని, వ్యాపారుల ఊళ్లు రాసుకుని తిరిగి రండి. కొనడం తర్వాత వాళ్ల లాయంలో.

దళారికి ముందుగా ఏం చెప్పాలి?

పని, స్వారీ చేసేవాళ్ల బరువు, వాళ్ల అనుభవం, మీ గరిష్ఠ ధర. వీటిని మాటల్లో కాక సందేశంగా పంపండి. దానికి కారణం ఉంది. కొనేవాడే చూసుకుని కొనాలన్నది చట్టంలో మామూలు నియమం. అయితే ఫలానా పనికి కావాలని మీరు చెప్పి, ఆ సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్నవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ పనికి పనికొచ్చేదే ఇవ్వాల్సిన బాధ్యత అతని మీద పడుతుంది (సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్). "పన్నెండేళ్ల పిల్ల నేర్చుకోవడానికి, నెమ్మదైన గుర్రం" అని పంపిన ఒక్క సందేశం రేపు గొడవొస్తే మీ పక్కన నిలబడుతుంది.

లాయానికి వెళ్లాక ఏ వరసలో చూడాలి?

చెప్పిన వేళకు అరగంట ముందే వెళ్లండి. గుర్రం లాయంలో కట్టేసి ఉండగానే చూడాలి. మీరొచ్చేసరికి జీను వేసి, ఒళ్లు చెమటతో తడిసి ఉంటే దాన్ని అప్పటికే పరిగెత్తించి అలసట పుట్టించారేమోనని అనుమానించండి. దుడుకు గుర్రం ఒక గంట పరుగు తర్వాత గొర్రెపిల్లలా కనిపిస్తుంది. కొందరు నీళ్లు ఆపి కూడా ఇదే పని చేస్తారు.

ముందు దూరం నుంచి గమనించండి. నాలుగు కాళ్ల మీదా బరువు సమంగా ఉందా? వెనక కాలు ఒకటి మార్చి మార్చి సడలించి నిలబడడం మామూలే, ముందు కాలు ఒకటి అదే పనిగా ముందుకు చాపి ఉంచడం నొప్పికి గుర్తు. గాడి కర్ర అంచు కొరికేసి ఉందా, మెడ చుట్టూ పట్టీ ఒరుసుకున్న మచ్చ ఉందా చూడండి. కర్ర పట్టుకుని గాలి మింగే అలవాటున్న గుర్రానికి ముందు పళ్ల అంచులు వింతగా అరిగిపోతాయి.

తర్వాత చేతులతో. మోకాలి కింద ఎముక వెనక నరాన్ని (స్నాయువును) పై నుంచి కిందికి తడమండి. రెండు కాళ్లనూ పోల్చండి, వేడి, ఉబ్బు, గట్టి ముద్ద ఏదైనా ఒక కాలికే ఉంటే నరం దెబ్బతిని ఉండొచ్చు. మోకాళ్ల ముందు వెంట్రుకలు లేని మచ్చలుంటే తడబడి పడే గుర్రం కావచ్చు. వీపు మీద, జీను కూర్చునే చోట తెల్లని వెంట్రుకల మచ్చలు పాత పుండ్ల గుర్తులు. కన్ను మబ్బుగా ఉందేమో, నీడలోంచి వెలుగులోకి తెస్తే కంటిపాప ముడుచుకుంటుందో లేదో పరీక్షించండి.

గిట్టల దగ్గర తొందరపడొద్దు. నాలుగూ ఎత్తించండి. ఎత్తనివ్వని గుర్రం లాడం కొట్టే రోజున మిమ్మల్ని ఏడిపిస్తుంది. గిట్ట మీది గీతలు ముందూ వెనకా సమాన దూరంలో ఉంటే మేత మారినప్పుడు పడినవి కావచ్చు. మడమ వైపు ఎడం పెరుగుతూ పోతే గతంలో గిట్టవాపు వచ్చిందని అర్థం. అలాంటి గుర్రానికి అది మళ్లీ రావచ్చు.

చివరగా నడక. గట్టి నేల మీద, పగ్గం వదులుగా పట్టించి, ముప్పై మీటర్లు నడిపించి, అంతే దూరం చిన్న పరుగు పెట్టించండి. ముందు కాలు కుంటితే, ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. వెనక కాలు కుంటితే ఆ వైపు తుంటి ఎక్కువగా ఎగిరి పడుతుంది. పగ్గాన్ని గడ్డం కింద బిగించి పట్టుకుని పరిగెత్తించే వ్యాపారి, తల ఊగడం మీకు కనిపించకుండా చేస్తున్నాడు. స్వారీకైతే ముందు వాళ్ల మనిషి ఎక్కాలి, తర్వాతే మీరు.

పళ్లు చూసి వయసు ఎలా చెప్పాలి?

ఐదేళ్ల లోపు కచ్చితంగా, పదేళ్ల వరకు దగ్గరగా, ఆ పైన అంచనాగా చెప్పొచ్చు. ముందు పళ్లలో పాలపళ్లు ఊడి శాశ్వత పళ్లు రావడం మధ్య జతకు సుమారు రెండున్నర ఏళ్లప్పుడు, పక్క జతకు మూడున్నరకు, మూల జతకు నాలుగున్నరకు. ఐదేళ్లకు "నోరు నిండింది" అంటారు. మగ గుర్రాలకు కోరపళ్లు నాలుగు, ఐదేళ్ల మధ్య వస్తాయి.

తర్వాత కింది పళ్ల మీది గుంటలు అరగడం లెక్క. మధ్య జత గుంట ఆరేళ్లకు, పక్క జతది ఏడుకు, మూల జతది ఎనిమిదికి పోతుంది. పై మూల పన్ను మీద, చిగురు దగ్గర, పదేళ్లకు ఒక గోధుమ రంగు గాడి మొదలవుతుంది. పదిహేనుకు సగం, ఇరవైకి మొత్తం దిగుతుంది. అరిగిన పన్నులో గుంట తొలిచి నల్లరంగు పెట్టడం పాత మోసం. అసలు గుంట చుట్టూ తెల్లని పింగాణీ అంచు ఉంటుంది, తొలిచిన దాని చుట్టూ ఉండదు. ఇసుక నేల మీద మేసిన గుర్రాల పళ్లు త్వరగా అరుగుతాయి కాబట్టి రాజస్థాన్ గుర్రం వయసు కంటే పెద్దగా కనిపించవచ్చు.

మత్తు ఇచ్చారని, నొప్పి మందు పెట్టారని ఎలా పట్టుకోవాలి?

మత్తులో ఉన్న గుర్రానికి కింది పెదవి వేలాడుతుంది, తల వాలుతుంది, రెప్పలు సగం మూసుకుంటాయి, మలుపులో కాళ్లు తూలతాయి. మగ గుర్రం అంగం బయటికి వేలాడుతూ లోపలికి తీసుకోకపోవడం ఎసిప్రోమజీన్ వంటి మందుకు పెద్ద గుర్తు. చురుగ్గా కనిపించడం కోసం తోక కింద అల్లం వంటి ఘాటైన వస్తువు పెట్టే క్రూరత్వమూ ఉంది. తోక అసహజంగా ఎత్తి, చిరాగ్గా కదులుతుంటే అనుమానించండి.

ఫినైల్‌బ్యుటజోన్ వంటి నొప్పి మందును కంటితో పట్టుకోలేం. కుంటును అది ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కప్పేస్తుంది. రెండు పనులు చేయండి. మొదటిది, వారం ఎడంతో రెండుసార్లు చూడండి, రెండోసారి చెప్పకుండా వెళ్లండి. రెండోది, కొనే రోజున మీ డాక్టరుతో రక్తం తీయించి, సీలు వేసి, ల్యాబ్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు దాచమనండి. వెంటనే పరీక్ష చేయించక్కర్లేదు. "రక్తం తీసి దాస్తాం" అని ముందే చెప్పండి. ఆ మాటకు వ్యాపారి ముఖం మారితే బేరం అక్కడే ఆపొచ్చు.

డాక్టరు పరీక్షకు ఎవరిని పిలవాలి? ఏమేం చేయాలి?

వ్యాపారి లాయానికి రోజూ వచ్చే డాక్టరును కాదు. ఫీజు మీరే ఇవ్వాలి, నివేదిక మీ చేతికే రావాలి. పశువైద్యులందరికీ గుర్రాల అనుభవం ఉండదు కాబట్టి రేసు లాయాల్లోనో, స్వారీ క్లబ్బుల్లోనో పనిచేసిన వాళ్లను వెతకండి.

విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16, ఉష్ణోగ్రత 99 నుంచి 101 ఫారన్‌హీట్ ఉండాలి. గుండె, ఊపిరితిత్తులను విశ్రాంతిలోనూ పరుగు తర్వాతా వినాలి. ఒక్కో కీలును సుమారు నిమిషం మడిచి పట్టి వెంటనే పరిగెత్తించే పరీక్ష చేయాలి. ఖరీదైన గుర్రమైతే కాళ్ల ఎక్స్‌రే తీయించాలి. సూడి గుర్రం అని చెప్పి అమ్ముతుంటే స్కానింగ్ తప్పనిసరి. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ ఉంటే రీడరుతో చదివి, ఆ 15 అంకెలను కాగితాలతో సరిపోల్చాలి. చిప్ సాధారణంగా మెడకు ఎడమ వైపు ఉంటుంది.

గ్లాండర్స్ పరీక్ష నిజంగా అవసరమా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి. గ్లాండర్స్ బాక్టీరియా వల్ల వచ్చే ప్రాణాంతక అంటురోగం. గుర్రం నుంచి మనిషికీ సోకుతుంది. చికిత్సకు అనుమతి లేదు. నిర్ధారణ అయితే 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం కింద ఆ గుర్రాన్ని చంపేస్తారు, చుట్టుపక్కల గుర్రాల కదలికలు ఆపేస్తారు. ముక్కు నుంచి చిక్కటి స్రావం, కాళ్ల మీద, పొట్ట మీద పగిలే గడ్డలు దాని లక్షణాలు. కానీ పైకి ఏమీ కనిపించకుండా కూడా గుర్రం రోగాన్ని మోయగలదు. అందుకే రక్త పరీక్ష. నిర్ధారణ చేసే జాతీయ సంస్థ హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం.

నెగెటివ్ రిపోర్టు చూపితే దాని మీది తేదీ, గుర్రం గుర్తులు, చిప్ నంబరు చూడండి. ఒక గుర్రం రిపోర్టును పది గుర్రాలకు చూపించడం జరుగుతుంది. గుర్తులు రాయని రిపోర్టును లేనిదానితో సమానంగా లెక్కపెట్టండి. దీనితోపాటే అశ్వ రక్తహీనత వ్యాధికి కాగిన్స్ పరీక్ష, జోరీగల వల్ల వచ్చే సర్రా వ్యాధికి పరీక్ష చేయించండి.

పంచకల్యాణి, శుభ సుళ్లు అంటూ ధర పెంచుతున్నారు. ఇవ్వొచ్చా?

నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉన్న పంచకల్యాణికి, మంచి చోట పడిన సుడికి మార్కెట్లో విలువ ఉన్న మాట నిజం. తిరిగి అమ్మేటప్పుడు మీకూ ఆ ధర వస్తుంది. చెడ్డ సుడి ఉందని చవకగా ఇచ్చే ఆరోగ్యవంతమైన గుర్రం స్వారీకి దొరికితే మాత్రం వదులుకోకండి. సుడి కుంటును తేదు. తడిగుడ్డతో తెల్ల మచ్చలను గట్టిగా తుడవండి, రంగు వేసిందైతే కొంతైనా వదులుతుంది.

నుక్రా విషయంలో చర్మం చూడాలి. మూతి, కళ్ల చుట్టూ చర్మం గులాబీ రంగులో ఉంటేనే నుక్రా. చర్మం నల్లగా ఉంటే అది వయసుతో తెల్లబడిన బూడిద రంగు గుర్రం, ధర వేరు. అలాంటి వాటికి వయసు మీరాక తోక కింద నల్లని గడ్డలు రావడం చాలా ఎక్కువ, తోక ఎత్తి చూడండి.

రేసు నుంచి రిటైరైన గుర్రం చవకగా వస్తోంది. కొనొచ్చా?

అనుభవం ఉంటే కొనొచ్చు, నేర్చుకునేవాళ్లకు వద్దు. దానికి తెలిసింది వేగంగా పరిగెత్తడం. పగ్గం లాగితే ఆగడం కంటే ఊపందుకోవడం దాని అలవాటు. ఎందుకు రిటైరైందో అడగండి. నెమ్మదిగా పరిగెత్తినందుకు వదిలేసిన గుర్రం మేలు, నరం తెగి వదిలేసింది కాదు. దాణా మీద పెరిగింది కాబట్టి కడుపులో పుండ్లు ఉండొచ్చు. దాణా మెల్లగా తగ్గించి గడ్డి పెంచుతూ, కొన్ని నెలలు విశ్రాంతి ఇచ్చి, మొదటి నుంచి నేర్పించాలి. ఆ నెలల ఖర్చు కలిపితే చవక కాదు. కాగితాల్లో భారత స్టడ్‌బుక్ (థరోబ్రెడ్ల వంశావళి రిజిస్టరు) నమోదు, గుర్రం గుర్తింపు పాస్‌పోర్టు అడిగి తీసుకోండి.

బేరం, బయానా, చెల్లింపు ఎలా?

సంతల్లో ఇప్పటికీ గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు. మీకు ఆ భాష రాకపోతే చెయ్యి ఇవ్వకండి, ధర నోటితో చెప్పమనండి. "ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు" అనే మాటకు తొందరపడొద్దు.

బయానా చిన్నదిగా ఇచ్చి, రశీదు మీద "డాక్టరు పరీక్షలో, గ్లాండర్స్ రిపోర్టులో బాగుంటేనే కొంటాం, లేకపోతే బయానా తిరిగి ఇస్తారు" అని రాయించండి. ఈ వాక్యం లేని బయానా పోయినట్టే. మిగతాది బ్యాంకు ద్వారా కట్టండి. ఒక లావాదేవీలో 2 లక్షల రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. అదీకాక నగదుకు సాక్ష్యం ఉండదు.

అమ్మకం కాగితంలో ఏం రాయాలి?

ఇద్దరి పేర్లు, చిరునామాలు, గుర్తింపు కార్డుల వివరాలు. గుర్రం జాతి, రంగు, మచ్చలు, సుళ్లు, ఎత్తు, వయసు, చిప్ నంబరు, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు. ధర. ఫలానా పనికి అమ్ముతున్నట్టు. కరవదు, తన్నదు, వాహనాల మధ్య బెదరదు, కుంటు లేదు, మందుల ప్రభావంలో లేదు అని విడివిడిగా. "అన్నీ బాగున్నాయి" అనే ఒక్క వాక్యం దేనికీ పనికిరాదు.

నష్టభయం ఎప్పుడు మీ మీదికి వస్తుందో కూడా రాయండి. వేరే ఒప్పందం లేకపోతే హక్కు మారిన క్షణం నుంచే నష్టం కొన్నవాడిది, గుర్రం ఇంకా వాళ్ల లాయంలోనే ఉన్నా సరే. "లారీ దిగి మా లాయం చేరేవరకు బాధ్యత అమ్మినవారిదే" అని రాయించగలిగితే మంచి బేరం.

ఇంటికి తెచ్చేటప్పుడు, తెచ్చాక?

1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. లారీ నేల జారకుండా ఇసుకో గడ్డో పరవాలి. నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టాలి. తల పైకి బిగించి కట్టకండి. గుర్రం తల దించి ఊపిరితిత్తుల్లోని కళ్లెను బయటికి పంపుకుంటుంది. గంటల తరబడి ఆ వీలు లేకపోతే న్యుమోనియా వస్తుంది. చేరాక ఐదు రోజులు పూటపూటా జ్వరం చూడండి.

వ్యాపారి దగ్గర తినే మేత, దాణా పది రోజులకు సరిపడా కొనుక్కుని రండి. రోజుకు కొంచెం చొప్పున మీ మేతలోకి మార్చండి. ఒక్కసారిగా మారిస్తే పేగుల్లోని సూక్ష్మజీవులు తట్టుకోలేక కడుపునొప్పి వస్తుంది, కొత్త గుర్రాలు చనిపోయే పెద్ద కారణాల్లో ఇదొకటి. బరువు లెక్కకు ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, శరీరం పొడవుతో గుణించి, 11,877తో భాగించండి (కొలతలు సెంటీమీటర్లలో). చుట్టుకొలత 165, పొడవు 150 అయితే సుమారు 344 కిలోలు. అందులో వందకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల లెక్కన ఎండు మేత, అంటే ఐదు నుంచి ఏడు కిలోలు. ఇదే బరువుతో నులిపురుగుల మందు మోతాదు కట్టాలి. ధనుర్వాతం టీకా వేసిన రుజువు లేకపోతే వెంటనే వేయించండి. పాత గుర్రాలుంటే కొత్తదాన్ని మూడు, నాలుగు వారాలు వేరుగా, వేరే బకెట్, వేరే బ్రష్‌తో ఉంచండి.

కొన్నాక లోపం బయటపడింది. ఏం చేయాలి?

ఆ రోజే వీడియో తీసి, డాక్టరు చేత రాయించి, వ్యాపారికి రాతపూర్వకంగా తెలియజేయండి. వాపసు ఇవ్వాలనుకుంటే స్వారీ ఆపేయండి. వద్దని చెప్పకుండా తగినంత కాలం ఉంచుకుంటే మీరు స్వీకరించినట్టే చట్టం భావిస్తుంది. అప్పుడిక నష్టపరిహారమే తప్ప వాపసు కష్టం. దాచిన రక్తాన్ని పరీక్షకు పంపే సమయం ఇదే. సొంత స్వారీకి కొన్నవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఊరేగింపులకు తిప్పే వ్యాపారానికి కొన్నవాళ్లకు, అది కేవలం బతుకుతెరువు కోసం చేసుకునే స్వయం ఉపాధి అయితే తప్ప, ఆ దారి కష్టం, సివిల్ కోర్టే దిక్కు. ఆచరణలో చాలా తగాదాలు గుర్రాన్ని మార్చి ఇవ్వడంతో తెగుతాయి. అలాగైతే రెండో గుర్రానికీ మొదటి నుంచి అన్ని పరీక్షలూ చేయించండి.

అమెరికా తీసుకెళ్లడానికి మార్వాడీ గుర్రం కొనొచ్చా?

మార్వాడీ, కాఠియావాడీ, మణిపురి జాతుల ఎగుమతి మీద ఆంక్షలున్నాయి, కేంద్రం లైసెన్సు కావాలి. "ఆ పని మేం చూసుకుంటాం" అనే దళారి మాట మీద అడ్వాన్సు కట్టకండి.

నా గుర్రాన్ని దళారికి అప్పగించి అమ్మించాలి. ఏం తేల్చుకోవాలి?

నా చేతికి ఇంత రావాలి అనే కనీస మొత్తం, కమీషన్, గడువు. గడువు రెండు నెలలకు మించొద్దు. గుర్రం దళారి లాయంలో ఉంటే మేత ఖర్చు ఎవరిది, డాక్టరును ఎవరు పిలుస్తారు, చనిపోతే ఎవరి నష్టం, స్వారీకి ఎవరు వాడతారు అన్నవి రాయాలి. లేకపోతే అమ్మకానికి పెట్టిన గుర్రం రోజుకు రెండు ఊరేగింపులకు తిరుగుతుంది. డబ్బు కొన్నవాళ్ల నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి, కమీషన్ మీరు ఇవ్వాలి. ఇది తిరగబడితే అసలు ధర మీకు ఎప్పటికీ తెలియదు.

గుర్రానికి ఉన్న లోపాలు మీరే చెప్పండి. తన్నే గుర్రాన్ని నెమ్మదైనదని అమ్మితే ఎవరి పిల్లవాడికో కాలు విరుగుతుంది. లోపం రాసి, సంతకం తీసుకుని అమ్మితే ధర కొంత తగ్గుతుంది, గుర్రం వెనక్కి రాదు.

ముసలి గుర్రాన్ని, కుంటి గుర్రాన్ని ఏం చేయాలి? దళారి తీసుకుంటానంటున్నాడు.

ఇవ్వకండి. కుంటి గుర్రాన్ని దళారి కొనేది నొప్పి మందు పెట్టి ఇంకొకరికి అమ్మడానికో, బండికో ఊరేగింపుకో కట్టడానికో. పనికి తగని జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. స్వారీకి పనికిరాకపోయినా ఆరోగ్యంగా ఉన్న ఆడ గుర్రాన్ని పెంపకందారులు తీసుకోవచ్చు. స్థలం ఉన్న రైతుకో, జంతు సంరక్షణ కేంద్రానికో ఇచ్చేటప్పుడు కూడా "తిరిగి అమ్మకూడదు, వద్దనుకుంటే మాకే ఇవ్వాలి" అని రాయించుకుని, చిప్ నంబరు, ఫొటోలు మీ దగ్గర ఉంచుకోండి. తగ్గని నొప్పితో ఉన్న గుర్రానికి డాక్టరు చేతి మీదుగా, మీ లాయంలోనే మరణం ఇప్పించండి. పూడ్చడానికి జేసీబీ, ఊరికీ నీటి బావులకూ దూరంగా స్థలం, పంచాయతీ అనుమతి ముందుగా చూసుకోవాలి.